సమీకరణాన్ని నడకతో సాధించడం: లాప్లాస్ సమీకరణానికి మాంటీ కార్లో పద్ధతి, కాగితం నుంచి పరిశోధన దాకా

ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో అవకలన సమీకరణాలు ఒక పేపరు, సంభావ్యత ఇంకో పేపరు, న్యూమరికల్ మెథడ్స్ మరో పేపరు. మూడింట్లోనూ మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లలో కూడా, ఈ మూడూ కలిసే చోటు ఒకటుందని తెలిసినవాళ్లు తక్కువ. రాండమ్ నడకల సగటుతో సమీకరణాన్ని సాధించే మాంటీ కార్లో పద్ధతి, ఆ చోటే అనువర్తిత గణితంలో ఇవాళ చురుగ్గా పరిశోధన జరుగుతున్న రంగాల్లో ఒకటి. పీహెచ్‌డీకి విషయం వెతుక్కుంటున్నవాళ్లు, పీజీ ప్రాజెక్టు చేయాల్సినవాళ్లు అక్కడికి చేరడానికి ఒక దారి ఇక్కడ చెబుతాను. కావలసినవి ఒక తెల్లకాగితం, పెన్సిలు, పైథాన్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్. అంతే.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ రంగంలో జవాబు రాబట్టడం కష్టం కాదు, ఇరవై లైన్ల కోడ్‌తో వచ్చేస్తుంది. వచ్చిన జవాబులో తప్పు ఎంత ఉంది, అది ఏ వైపు నుంచి వచ్చింది అని విడదీసి చెప్పగలగడమే అసలు పని. కింది ప్రతి అడుగూ దానికోసమే.

అడుగు 1: జవాబు తెలిసిన లెక్కతో మొదలుపెట్టండి

ఒక చదరపు లోహపు పలక తీసుకుందాం. భుజం 1 యూనిట్. పై అంచుని 100 డిగ్రీల దగ్గర, మిగతా మూడు అంచుల్ని 0 దగ్గర పట్టి ఉంచాం. చాలాసేపటి తర్వాత వేడి స్థిరపడ్డాక, పలక లోపల ఒక బిందువు దగ్గర ఉష్ణోగ్రత ఎంత? ఇలా స్థిరపడిన వేడిని వర్ణించేదే లాప్లాస్ సమీకరణం.

సరిగ్గా నడిమధ్యన 25 అని లెక్క లేకుండానే చెప్పొచ్చు. ఇదే పలకని నాలుగు వైపులకీ తిప్పి, ఆ నాలుగు జవాబుల్నీ కలిపితే అంచులన్నీ 100 అవుతాయి, అంటే లోపలంతా 100. నడిమధ్య బిందువుకి నాలుగు వైపులూ సమానమే కాబట్టి ఒక్కో వైపు వాటా 25.

కానీ అంత సులువైన బిందువు మీద పద్ధతిని పరీక్షించకూడదు. సౌష్ఠవం వల్ల తప్పు కోడ్ కూడా అక్కడ 25 ఇచ్చేయొచ్చు. అందుకని అడ్డంగా మధ్యలో, నిలువుగా ముప్పావు ఎత్తులో ఉన్న బిందువు తీసుకోండి. పై అంచుకి అది పావు యూనిట్ దూరం. ఇక్కడ ఫూరియర్ శ్రేణి (జవాబుని సైన్ తరంగాల మొత్తంగా రాసేది) పదాలు ఇలా వస్తాయి: 57.64, తర్వాత −4.02, తర్వాత 0.50, తర్వాత −0.07, తర్వాత 0.01. గుండ్రం చేయకుండా, తర్వాతి చిన్న పదాల్నీ కలిపి కూడితే 54.05. ఈ సంఖ్యని కాగితం పైన పెద్దగా రాసుకోండి. ఇక నుంచి వచ్చే ప్రతి జవాబునీ దీనితోనే పోల్చాలి.

అడుగు 2: గ్రిడ్ వేసి పెన్సిలుతో సాధించండి

పలకని నాలుగు బై నాలుగు గళ్లుగా విడగొడితే లోపల తొమ్మిది బిందువులు వస్తాయి. ఒక్కో బిందువు విలువ దాని నలుగురు పొరుగువాళ్ల విలువల సగటుకి సమానం. లాప్లాస్ సమీకరణాన్ని తేడాలతో రాస్తే వచ్చేది ఇదే. తొమ్మిది సమీకరణాలు, కానీ ఎడమ కుడి ఒకేలా ఉంటాయి కనుక తెలియని విలువలు ఆరే. సాధిస్తే పై వరుసలో 42.86, 52.68, 42.86, మధ్య వరుసలో 18.75, 25, 18.75, కింద 7.14, 9.82, 7.14.

సరిచూడండి. పై వరుస మధ్య బిందువుకి పైన 100, పక్కన రెండు 42.86లు, కింద 25. మొత్తం 210.72, నాలుగో వంతు 52.68. సరిపోయింది. ఈ తొమ్మిది సంఖ్యల్నీ ఒక్కసారైనా చేత్తో రాబట్టండి, కంప్యూటర్‌కి వదిలేయకండి. తర్వాతి అడుగులో చెప్పేది అప్పుడే లోపలికి దిగుతుంది.

ఇప్పుడు అవే సమీకరణాల్ని ఇంకో రకంగా చదవండి. ఒక మనిషి ఆ బిందువు దగ్గర నిలబడి, పైకి, కిందికి, ఎడమకి, కుడికి సమాన అవకాశంతో ఒక్కో అడుగు వేస్తున్నాడు. అంచు తగిలితే ఆగిపోతాడు. అతను పై అంచు దగ్గర ఆగే సంభావ్యత ఎంత? మొదటి అడుగు తర్వాత అతను నాలుగు పొరుగు బిందువుల్లో ఒకదాని దగ్గర ఉంటాడు. కాబట్టి ఇక్కడి సంభావ్యత ఆ నాలుగు చోట్ల ఉన్న సంభావ్యతల సగటు. పై అంచు మీద అది 1, మిగతా అంచుల మీద 0. ఉష్ణోగ్రత పాటించిన నియమం, హద్దుల దగ్గరి షరతులు రెండూ ఇక్కడా అవే. కనుక జవాబూ అదే: 0.5268. వందతో గుణిస్తే 52.68 డిగ్రీలు.

1928లో గాటింగెన్‌కి చెందిన కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ ముగ్గురూ కలిసి రాసిన పేపర్‌లో ఈ సంబంధం కనిపిస్తుంది. న్యూమరికల్ మెథడ్స్ చదివినవాళ్లకి ఆ ముగ్గురి పేర్లతో ఉన్న స్థిరత్వ షరతు గుర్తుండే ఉంటుంది. అదీ ఆ పేపర్‌లోదే. 1944లో జపాన్ గణితవేత్త కాకుటానీ గ్రిడ్‌ని పక్కనపెట్టి, బ్రౌనియన్ చలనంతో (అడుగులు అతి చిన్నవైతే వచ్చే ఎడతెగని రాండమ్ కదలిక) నేరుగా ఈ ఫలితాన్ని చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా అణు పరిశోధనశాల లాస్ అలమోస్‌లో కంప్యూటర్లు వచ్చాక ఇది పనికొచ్చే పద్ధతిగా మారింది. 1949లో మెట్రోపోలిస్, ఉలామ్ దీని గురించి రాసిన పేపర్ పేరే ‘మాంటీ కార్లో పద్ధతి’.

అడుగు 3: నడిపించండి, లెక్కపెట్టండి

కోడ్ రాయండి. ముప్పావు ఎత్తు బిందువు నుంచి మొదలుపెట్టి, అంచు తగిలేదాకా నడిపించండి. పై అంచైతే 100 రాసుకోండి, లేకపోతే 0. ఇలా వెయ్యిసార్లో లక్షసార్లో చేసి సగటు తీయండి.

సగటుతో పాటు ప్రామాణిక విచలనం కూడా లెక్కకట్టాలి. ఇది తర్వాత ఎప్పుడో చూసుకునే పని కాదు, మొదటి రోజు కోడ్‌లోనే ఉండాలి. ఒక్క నడక ఇచ్చే విలువకి ప్రామాణిక విచలనం సుమారు 50. నడకల సంఖ్య వర్గమూలంతో దాన్ని భాగిస్తే సగటులో ఉన్న ఊగిసలాట వస్తుంది. 100 నడకలకి 5 డిగ్రీలు, 10 వేల నడకలకి 0.5, 10 లక్షల నడకలకి 0.05. ఒక దశాంశ స్థానం ఎక్కువ కావాలంటే వంద రెట్లు పని చేయాలి. ఈ పద్ధతిలో ఉన్న పెద్ద బాధ ఇదే. పరిశోధనలో సగం దీన్ని తగ్గించడం చుట్టూనే తిరుగుతుంది.

అడుగు 4: రెండు తప్పుల్నీ విడదీయండి

ఇక్కడ తొందరపడకండి.

100 నడకలతో 95 శాతం నమ్మకపు అంతరం (వందలో 95 సార్లు అసలు జవాబుని పట్టుకోవాల్సిన మేర) జవాబుకి అటూ ఇటూ దాదాపు 10 డిగ్రీలు. అసలు జవాబు 54.05 మామూలుగా అందులోనే ఉంటుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. 10 వేల నడకలు చేస్తే అంతరం ±1కి వస్తుంది. 52.68 చుట్టూ ±1 అంటే 51.7 నుంచి 53.7. 54.05 బయటపడిపోయింది. 10 లక్షలు చేస్తే ±0.1. ఇప్పుడు కంప్యూటర్ ఎంతో ధీమాగా తప్పు జవాబు చెబుతోంది.

కారణం తెలిసిందే. మన నడకలు చేరుకునేది పలక జవాబుకి కాదు, నాలుగు బై నాలుగు గ్రిడ్ జవాబుకి. రెండింటికీ మధ్య 1.37 డిగ్రీల తేడా ఉంది. నడకలు ఎన్ని పెంచినా అది తగ్గదు. గ్రిడ్‌ని ఎనిమిది బై ఎనిమిది చేస్తే అదే బిందువు దగ్గర గ్రిడ్ జవాబు 53.61 అవుతుంది, తేడా 0.44కి దిగుతుంది. కానీ గడి సగమైతే ఒక్కో నడకలో అడుగులు దాదాపు నాలుగింతలవుతాయి.

అంటే మన దగ్గర రెండు వేర్వేరు తప్పులున్నాయి. ఒకటి ఊగిసలాట, నడకలు పెంచితే తగ్గుతుంది. రెండోది ఒకే పక్కకి లాగే తప్పు, గ్రిడ్‌ని సన్నం చేస్తేనే తగ్గుతుంది. చేయగలిగిన పనిని రెండింటికీ సమంగా పంచాలి. నాలుగు బై నాలుగు గ్రిడ్‌లో సుమారు 1,300 నడకలకే రెండు తప్పులూ సమానమవుతాయి. అది దాటాక చేసే ప్రతి నడకా వృథా. ఎనిమిది బై ఎనిమిదిలో ఆ హద్దు 12, 13 వేల దగ్గర ఉంటుంది. కొత్తగా చేరిన విద్యార్థి తెచ్చే ఫలితాల్లో మొదట చూడాల్సింది ఈ లెక్క ఉందా లేదా అన్నదే. కోటి నడకలు చేశామని రాసి, గ్రిడ్ తప్పు ఎంతో చెప్పని పట్టికకి విలువ లేదు.

అడుగు 5: గ్రిడ్‌నే తీసేయండి

గ్రిడ్ వల్ల వచ్చే తప్పు మీద కోపం వస్తే, గ్రిడ్ లేకుండానే నడవొచ్చు. 1956లో మెర్విన్ ముల్లర్ చూపించిన దారి ఇది, గోళాల మీద నడక. ఆలోచన చాలా తేలిక. లాప్లాస్ సమీకరణం పాటించే ప్రమేయానికి ఏ వృత్త కేంద్రం దగ్గరైనా విలువ ఆ పరిధి మీది విలువల సగటు. కాబట్టి ఉన్నచోటు నుంచి దగ్గరి అంచు ఎంత దూరమో చూడండి. ఆ దూరం వ్యాసార్ధంగా ఒక వృత్తం గీసి, దాని పరిధి మీద ఏదో ఒక బిందువుకి ఒకే దూకు దూకండి. అక్కణ్ణుంచి మళ్లీ అలాగే. అంచుకి బాగా దగ్గరయ్యాక, అంటే ఎప్సిలాన్ అనే చిన్న దూరం లోపలికి వచ్చాక, ఆగి ఆ అంచు విలువ తీసుకోండి.

ఒక నడకని చేత్తో చేద్దాం. ఎప్సిలాన్ 0.001 అనుకోండి. మొదలు (0.5, 0.75). దగ్గరి అంచు పైది, దూరం 0.25. కోణం 200 డిగ్రీలు వచ్చిందనుకుందాం. కొత్త చోటు (0.265, 0.664). ఇప్పుడు ఎడమ అంచు దగ్గర, దూరం 0.265. కోణం 140 డిగ్రీలు వస్తే (0.062, 0.835)కి చేరతాం. ఎడమ అంచుకి 0.062 దూరం. కోణం 190 డిగ్రీలు వస్తే (0.0009, 0.824). ఎప్సిలాన్ కంటే దగ్గరికి వచ్చేశాం, ఆగాం. ఎడమ అంచు కనుక ఈ నడక విలువ 0. మూడు దూకుల్లో పని అయిపోయింది.

అన్ని నడకలూ మూడు దూకుల్లో ముగియవు. అయినా ఇలాంటి కుంభాకార (లోపలికి గుంటలు లేని) ఆకారాల్లో సగటు దూకుల సంఖ్య ఎప్సిలాన్ విలోమానికి లాగరిథమ్ లాగా పెరుగుతుంది. ఎప్సిలాన్‌ని పదో వంతు చేస్తే ఇంకొన్ని దూకులు కలుస్తాయి, అంతే. గ్రిడ్‌లో గడిని సగం చేస్తే పని నాలుగింతలైంది కదా, ఇక్కడ ఆ టెన్షన్ లేదు. ఒక పక్కకి లాగే తప్పుని ఇంత చవగ్గా తగ్గించుకోగలగడమే ఈ పద్ధతి అందం. 2020లో కార్నెగీ మెలన్‌కి చెందిన సాహ్నీ, క్రేన్ కంప్యూటర్ గ్రాఫిక్స్‌లోకి దీన్ని తీసుకొచ్చాక మళ్లీ దీని మీద పేపర్లు జోరుగా వస్తున్నాయి. గజిబిజి ఆకారాలకి మెష్ (ఆకారాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టే వల) కట్టే బెడద లేకపోవడమే అందుకు కారణం.

అడుగు 6: కోడ్‌ని నమ్మే ముందు

మూడు పరీక్షలు పెట్టండి. మొదటిది: అంచుల మీద అడ్డం వర్గం మైనస్ నిలువు వర్గం విలువగా పెట్టండి. ఈ ప్రమేయం లాప్లాస్ సమీకరణాన్ని పాటిస్తుంది కనుక లోపల కూడా అదే జవాబు. మన బిందువు దగ్గర −0.3125 రావాలి. కోణాన్ని పూర్తి చుట్టు బదులు సగం చుట్టులోనే తీయడం, దగ్గరి అంచుని తప్పుగా ఎంచడం లాంటివి ఇక్కడ దొరికిపోతాయి.

రెండోది: పలక లోపలే వేడి పుడుతున్న లెక్క, అంటే పాయిజాన్ సమీకరణం. అంతటా వేడి ఒకే రేటున, ఒక యూనిట్ చొప్పున పుడుతూ అంచులన్నీ సున్నా అయితే, ఒక్కో దూకుకీ వ్యాసార్ధ వర్గంలో నాలుగో వంతు కలుపుతూ పోవాలి. వ్యాసార్ధం 1 ఉన్న వృత్తం కేంద్రం దగ్గర 0.25 రావాలి, ఒక్క దూకులోనే వస్తుంది. మన చదరం నడిమధ్యన 0.0737 రావాలి.

మూడో పరీక్షని చాలామంది వదిలేస్తారు. మీ ప్రయోగం మొత్తాన్ని 100 సార్లు, ప్రతిసారీ కొత్త రాండమ్ సంఖ్యలతో చేయండి. 95 శాతం అంతరాలు 100 వస్తాయి. వాటిలో అసలు జవాబు ఎన్నిటిలో ఉంది? 95 అటూ ఇటూ ఉంటే సరే. 70 దగ్గర ఉంటే విచలనం లెక్కలో తప్పుంది, లేదా ఒక పక్కకి లాగే తప్పు దాగి ఉంది. నడకలు పెంచేకొద్దీ ఆ 70 ఇంకా పడిపోతుంటే రెండోదేనని అనుమానించండి.

రాండమ్ సంఖ్యల గురించి ఒక మాట. సీడ్‌ని, అంటే రాండమ్ సంఖ్యల వరుసని మొదలుపెట్టే సంఖ్యని రాసిపెట్టుకోండి, లేకపోతే రేపు అదే ఫలితం మళ్లీ రాదు. నాలుగు కోర్ల మీద కోడ్ నడిపేటప్పుడు అన్నిటికీ ఒకే సీడ్ పోకుండా చూసుకోండి. పోతే నాలుగు కోర్లూ ఒకే నడకలు నడుస్తాయి, అంతరం మాత్రం సగానికి తగ్గినట్టు కనిపిస్తుంది. పైథాన్ లైబ్రరీ నమ్‌పైలో ఒక మూల సీడ్ నుంచి వేర్వేరు ధారల్ని పుట్టించే ఏర్పాటు ఉంది, అదే వాడండి.

అడుగు 7: తెలిసినదాన్ని లాటరీకి వదలకండి

మళ్లీ నాలుగు బై నాలుగు గ్రిడ్‌కి వద్దాం. మన బిందువు నుంచి మొదటి అడుగు పైకి వేస్తే 100 ఖాయం. దానికి నడక ఎందుకు? జవాబుని ఇలా రాయండి: 100, ఎడమ పొరుగు సగటు, కుడి పొరుగు సగటు, కింది పొరుగు సగటు, ఈ నాలుగూ కలిపి నాలుగో వంతు. ఉన్న నడకలన్నిటినీ ఆ మూడు పొరుగు బిందువులకి సమంగా పంచండి. మామూలు పద్ధతిలో ఒక్కో నడకకి వేరియన్స్ (ప్రామాణిక విచలనం వర్గం) 2,493. ఇలా చేస్తే అది 1,270కి దిగుతుంది. అంతే కచ్చితత్వం సగం నడకలతోనే వచ్చింది, అదీ కొత్త సిద్ధాంతం ఏమీ లేకుండా.

దీని వెనకున్న సూత్రం సంఖ్యాశాస్త్రంలో రావ్–బ్లాక్‌వెల్ సిద్ధాంతంతో ముడిపడి ఉంది. తెలుగు కుటుంబంలో పుట్టి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలో పనిచేసిన సి.ఆర్. రావు 1945లో ప్రచురించిన పేపర్‌లో ఒక అంచనాని షరతుతో కూడిన సగటుగా మారిస్తే దాని వేరియన్స్ పెరగదని చూపించారు. ఇవాళ మాంటీ కార్లో చేసేవాళ్లు రోజూ వాడే మాట అది. లెక్కకట్టగలిగిన భాగాన్ని లెక్కకట్టు, మిగిలినదాన్నే నడిపించు. మన దగ్గర విద్యార్థులకి ఈ సిద్ధాంతం పరీక్షలో నిరూపణగా మాత్రమే పరిచయం అవుతోంది. ఒకసారి కోడ్‌లో దాని బలం చూస్తే మర్చిపోరు.

ఇంకా మార్గాలున్నాయి: ఎదురెదురు కోణాల్ని జంటగా తీసుకోవడం, జవాబు తెలిసిన దగ్గరి లెక్కని ఊతగా వాడుకోవడం, రాండమ్ సంఖ్యల బదులు సోబోల్ లాంటి సమంగా పరుచుకునే వరుసలు వాడటం. ఒక్కొక్కటిగా కలపండి. అన్నీ ఒకేసారి కలిపితే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

అడుగు 8: ఈ పద్ధతి ఎక్కడ వద్దు

రెండు కొలతల పలకలో అన్ని బిందువుల దగ్గరా ఉష్ణోగ్రత ఆరు దశాంశ స్థానాల దాకా కావాలంటే నడకల జోలికి పోకండి. ఆకారాన్ని చిన్న ముక్కలు చేసి సాధించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి వాడండి, క్షణాల్లో వస్తుంది. నడక గెలిచేది ఒకటి రెండు బిందువుల దగ్గరే జవాబు కావలసినప్పుడు, ఆకారం మరీ చిక్కుగా ఉన్నప్పుడు, కొలతలు ఎక్కువైనప్పుడు. పది కొలతల్లో ఒక్కో దిక్కుకి 100 బిందువులు పెడితే గ్రిడ్‌లో 1 పక్కన 20 సున్నాలంత బిందువులు వస్తాయి, ఏ మెషీనూ మోయలేదు. నడకకి కొలతలెన్నైనా ఊగిసలాట వర్గమూలం లెక్కనే తగ్గుతుంది. బ్యాంకింగ్‌లో చాలా ఆస్తుల మీద ఆధారపడిన ఆప్షన్ల ధర కట్టేటప్పుడు మాంటీ కార్లో వాడటానికి కారణం ఇదే.

అడుగు 9: ఇక్కణ్ణుంచి పరిశోధన ప్రశ్నకి

ఇక్కడిదాకా వచ్చాక సొంత ప్రశ్న దొరికే చోట్లు కొన్ని చెబుతాను.

కాలంతో మారే సమీకరణాల్లోకి వెళ్తే, 1949లో కాట్స్ నిరూపించిన, సమీకరణం జవాబుని రాండమ్ నడకల సగటుగా రాసే, ఫైన్‌మన్–కాట్స్ సూత్రంగా పిలిచే సంబంధం మీకు దారి. అక్కడ నడకని ఆయిలర్–మరుయామా పద్ధతిలో చిన్న కాలపు అడుగులుగా వేస్తారు. హద్దు లేకపోతే, గుణకాలు నునుపుగా మారేవైతే, సగటులో తప్పు కాలపు అడుగుకి అనులోమంగా తగ్గుతుంది. హద్దు తగలగానే ఆగాల్సిన లెక్కలో మాత్రం అడుగు వర్గమూలం లెక్కనే తగ్గుతుంది. ఎందుకంటే రెండు అడుగుల మధ్యలో నడక హద్దు దాటి మళ్లీ లోపలికి వచ్చేయొచ్చు, కోడ్‌కి అది కనపడదు. రెండు చివర్ల దూరాలనీ చూసి మధ్యలో దాటి ఉండే సంభావ్యతని బ్రౌనియన్ వంతెన సూత్రంతో లెక్కకట్టి సరిదిద్దొచ్చు. లేదా హద్దునే కాస్త లోపలికి జరపొచ్చు. ఎంత జరపాలో చెప్పే స్థిరాంకం 0.5826, కాలపు అడుగు వర్గమూలంతోను, ప్రసరణ గుణకంతోను (నడక ఊగే తీవ్రత) దాన్ని గుణించాలి. చదునైన హద్దుకి ఇదంతా బాగా పనిచేస్తుంది. మూలలున్న హద్దులు, కదిలే హద్దులు, గంతులేసే ప్రక్రియల దగ్గర ఇంకా చేయాల్సింది చాలా ఉంది.

ఇంకోటి బహుళ స్థాయి మాంటీ కార్లో. 2008లో మైక్ గైల్స్ చూపించినది: ముతక అడుగులతో ఎక్కువ నడకలు, సన్న అడుగులతో తక్కువ నడకలు, రెండు స్థాయిల మధ్య తేడాని మాత్రమే అంచనా కట్టడం. పది రెట్లు కచ్చితత్వానికి మామూలు పద్ధతి వెయ్యి రెట్లు పని అడిగే చోట ఇది వంద రెట్లకి కాస్త ఎక్కువతో సరిపెడుతుంది. అడుగు 4లో చేసిన పంపకం లెక్కకి ఇది పెద్దన్న. అది చేత్తో చేసినవాళ్లకి గైల్స్ పేపర్ సులువుగా అర్థమవుతుంది.

హద్దు మీద విలువ కాకుండా వేడి ప్రవాహం ఇచ్చిన లెక్కలు, అంటే న్యూమన్ షరతులు, గోళాల నడకకి ఇంకా ఇబ్బందిగానే ఉన్నాయి. అంచు దగ్గర వృత్తాలు చిన్నవైపోయి నడక అక్కడే ఇరుక్కుంటుంది. ఈమధ్య కొత్త పరిష్కారాలు వచ్చాయి, వాటిని ఇంకో ఆకారానికో ఇంకో సమీకరణానికో తీసుకెళ్లడం మంచి పీహెచ్‌డీ పనే.

ఏది ఎంచుకున్నా, ఇప్పటికే వచ్చిన పేపర్లలో ఒకదాని పట్టికని ముందు మీ కోడ్‌తో తిరిగి రాబట్టండి. సంఖ్యలు కలవకపోతే గైడ్ దగ్గరికి వెళ్లేముందు పైన చెప్పిన మూడు పరీక్షలూ పెట్టి చూడండి. కలిశాక ఒకే ఒక్క విషయాన్ని మార్చండి: హద్దు, గుణకం, లేదా అడుగు వేసే తీరు. మీ సొంత పట్టికలో ప్రతి వరుసకీ నడకల సంఖ్య, అడుగు లేదా ఎప్సిలాన్ పరిమాణం, సగటు, అంతరం, పట్టిన సమయం, సీడ్ ఉండాలి. తప్పుకీ నడకల సంఖ్యకీ లాగ్–లాగ్ గ్రాఫ్ గీస్తే వాలు మైనస్ సగం రావాలి. ఎక్కడైతే గీత అడ్డంగా చదునైపోతుందో అక్కడ రెండో తప్పు పైకి తేలినట్టు. ఆ చదును ఎక్కడ మొదలవుతుందో, ఎందుకో మీ పేపర్‌లో మొదటి గ్రాఫ్ కిందే రాయండి.